కనుగొన్నదెవరు? కనబడకుండా పోయిందెవరు?

భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నది వాస్కోడగామా. అమెరికాను కనుగొన్నది కొలంబస్. బడి మొహం చూసిన ప్రతి బిడ్డా వల్లెవేసే మాటలివి. ఒక్కో జవాబుకు ఒక్కో మార్కు. మార్కు కోసం మన వాడల పిల్లలు కూడా రాస్తారు. రాయాల్సిందే, మార్కులు ఒదులుకోమని మేం చెప్పం. కానీ ఆ మాటలో దాగున్న మోసం ఏందో తెలుసుకోకుండా రాస్తే, మార్కుతో పాటు ఒక బానిసబుద్ధి కూడా బుర్రలోకి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ఈ పక్షం ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం.

కనుగొనడం అంటే ఏంది? మందలో తప్పిపోయిన మేకను కనుగొంటాం. అడవిలో పుట్టతేనె కనుగొంటాం. మరి మనుషులు ఇళ్ళు కట్టుకుని, పంటలు పండించుకుని, పిల్లల్ని సాక్కుంటా ఉన్న నేలను కనుగొనడం ఏంది? రేపు ఊళ్ళోంచి ఒక పెద్దమనిషి మన వాడకు వచ్చి, "ఈ వాడను నేనే కనుగొన్నా" అంటే నవ్వమా? నిజానికి అయిదేళ్ళకొకసారి ఓట్లప్పుడు మనల్ని అట్టా కనుగొంటానే ఉన్నారు. ఓట్లు పడినాక మళ్ళీ మనం కనబడం. కనుగొన్నామని చెప్పుకునేవాడికి ఒక గుణముంది. అక్కడున్న మనిషి వాడి కంటికి ఆనడు.

మొదట గామా సంగతి చూద్దాం. 1498 మే 20న ఆయన ఓడలు కేరళలో కోళికోడు దగ్గర లంగరు వేసినాయి. ఆఫ్రికా కొసను చుట్టుకుని తూర్పు తీరానికి వచ్చినాక, ఈ పక్క సముద్రం దారి ఆయనకు తెలియదు. మలింది రేవు రాజు దారి తెలిసిన మనిషిని ఇచ్చి పంపితే, ఆ మనిషి ఓడలను ఇటు నడిపించినాడు. ఏ నెలలో ఏ గాలి ఏ దిక్కుకు వీస్తుందో అరబ్బులకు, గుజరాతీలకు, మన తీరం ఓడవాళ్ళకు వందల ఏళ్ళ నుంచీ తెలుసు. గామాకు రెండున్నర వందల ఏళ్ళ ముందే, 1244లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. తుపానుకు ఓడ పగిలి గట్టుకు కొట్టుకొచ్చినా సరుకు గుంజుకోమని దూరదేశపు వర్తకులకు మాట ఇచ్చిన శాసనమది. అంటే దారి ఉంది, రేవు ఉంది, వ్యాపారం ఉంది. గామా కొత్తగా కనుగొన్నది తన దేశం నుంచి ఇక్కడికి చుట్టుదారి మాత్రమే. అదీ సగందారి వేరేవాడు చెయ్యి పట్టుకుని నడిపిస్తే.

ఇంకో ముచ్చట వినండి. ఆ ఓడల్లోంచి గట్టు మీద మొదట కాలు పెట్టింది గామా కాదు. శిక్షపడిన ఒక ఖైదీ. తెలియని చోట ముందుగా దించడానికే ఇట్టాంటి ఖైదీలను పోర్చుగీసు ఓడలు వెంట తెచ్చుకునేవి. చస్తే ఖైదీ చస్తాడు, బతికొస్తే పేరు దొరది. ఈ పద్ధతి మనకు కొత్తా? ఊళ్ళో పాతబావి పూడిక తీయాలంటే ముందు దించేది ఎవరిని? పట్నంలో మ్యాన్‌హోలు మూత తీస్తే లోపలికి దిగేది ఎవరు? దిగినోడి పేరు ఎక్కడా ఉండదు. పని చేయించిన కాంట్రాక్టరు పేరు బిల్లు మీద ఉంటుంది.

అదే గామా రెండోసారి 1502లో వచ్చినప్పుడు, మక్కా యాత్ర చేసుకుని తిరిగొస్తున్న మీరి అనే ఓడను పట్టుకుని, ఆడవాళ్ళూ పిల్లలూ సహా వందలమందిని తగలబెట్టించినాడు. మన పిల్లల పాఠంలో మొదటి ప్రయాణం ఉంటుంది, ఈ మంట ఉండదు.

కొలంబస్ కథ ఇంకా ఘోరం. 1492 అక్టోబరు 12న ఆయన ఒక చిన్న దీవిలో దిగినాడు. ఇండియా పక్కకు వచ్చేసినాననుకుని, అక్కడి జనానికి ఇండియన్లు అని పేరు పెట్టినాడు. మన పేరు వాళ్ళకు అంటగట్టినాడు. వాళ్ళకు తమ పేరు తమకుంది, తైనో అని. వాళ్ళను అడిగిన పాపాన పోలేదు. దళితులకు ఎవరెవరో వచ్చి ఏమేం పేర్లు పెట్టినారో మనకు తెలుసు గనుక ఈ బాధ మనకు తొందరగా అర్థమవుతుంది. 1495లో అయిదొందల మంది దాకా తైనోలను పట్టి, బానిసలుగా అమ్మేందుకు స్పెయిన్‌కు ఓడల్లో ఎక్కించినాడు. సుమారు 200 మంది దారిలోనే చచ్చిపోతే సముద్రంలో పారేసినారు. కొద్ది పదుల ఏళ్ళలోనే కత్తికి, గనుల చాకిరికి, కొత్త రోగాలకు ఆ జనం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

దీనికంతా ఒక కాగితం కూడా పుట్టించుకున్నారు. అసలు కీలకం ఇదే. 1493లో రోములో పోపు ఆరో అలెగ్జాండరు స్పెయిన్ రాజుకు ఒక ఆజ్ఞాపత్రం రాసిచ్చినాడు. క్రైస్తవ రాజు ఏలుబడి లేని కొత్త నేలలు పడమటి దిక్కున దొరికితే అవి నీవే పొమ్మన్నాడు. మరుసటేడు 1494లో స్పెయిన్, పోర్చుగల్ రెండూ కూర్చుని సముద్రం మీద ఒక గీత గీసి భూగోళాన్ని చెరిసగం పంచుకున్నాయి. అవతల కోట్లాది జనం ఉన్నారు. వాళ్ళల్లో ఒక్కడికి కూడా ఈ పంపకం సంగతి తెలియదు. తర్వాత 1770లో కుక్ దొర ఆస్ట్రేలియా తూర్పు తీరమంతా ఇంగ్లండు రాజుదేనని జెండా పాతినాడు. వేల ఏళ్ళుగా అక్కడున్న ఆదిమజనాన్ని లెక్కలోకే తీసుకోకుండా, ఎవరికీ చెందని భూమి అని చట్టం మాట్లాడింది. ఆ మాట తప్పని ఆస్ట్రేలియా పెద్దకోర్టు ఒప్పుకున్నది 1992లో, మాబో కేసులో. పోపు పత్రాల మీద నిలబడిన ఆ కనుగొన్న హక్కు సిద్ధాంతాన్ని వాటికన్ బాహాటంగా కాదన్నది 2023 మార్చిలో. అయిదొందల ముప్పై ఏళ్ళు పట్టింది. ఈలోగా భూమి చేతులు మారిపోయింది.

ఇదంతా యాడనో జరిగిన కథ అనుకోబాకండి. మన ఉదయగిరి కొండ వంక చూడండి. కృష్ణదేవరాయలు 1513లో ఈ కోటను ముట్టడించి, 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1510లో, పోర్చుగీసువాళ్ళు గోవాను పట్టుకున్నారు. విజయనగరానికి యుద్ధపు గుర్రాలు సముద్రం మీద నుంచే రావాలి. ఆ గుర్రాల బేరమే రాయలకూ పోర్చుగీసుకూ స్నేహం కలిపింది. ఇక్కడ కోట పడినాక రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించినాడు. విగ్రహం ప్రయాణం శాసనంలో ఉంది. దాన్ని మోసిన భుజాల ఊసు లేదు. గుర్రాలకు గడ్డి కోసినోళ్ళు, తోలుపట్టీలు కుట్టినోళ్ళు, ఏడాదిన్నర ముట్టడిలో కొండ కింద వెట్టి చేసినోళ్ళు ఏ రాతలోనూ లేరు. దొర ఓడలోనైనా రాజు కోటలోనైనా మన చోటు ఒక్కటే. కనబడని చోటు.

తూర్పుకు దిగి సముద్రం దగ్గరికి పోదాం. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. 1626లో దుర్గరాజపట్నంలో దిగి, అక్కడ తుపాకులు పెట్టి చిన్నకోట కట్టుకుంది. వాళ్ళు దాన్ని అర్మగావ్ అన్నారు. మొన్నటిదాకా మన జిల్లాలోనే ఉండి, 2022లో తిరుపతి జిల్లాకు పోయిన ఊరది. అక్కడ బట్టల బేరం సరిగ్గా సాగక, ఫ్రాన్సిస్ డే అనేవాడు 1639లో దక్షిణానికి పోయి, దామర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర కౌలు రాయించుకున్నాడు. అదే చెన్నపట్నమైంది. దానికీ ముందే డచ్చివాళ్ళు వచ్చి పులికాట్‌లో దిగి, 1613 నాటికి గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు.

డచ్చివాళ్ళు ఇక్కడ కొన్నది బట్టలు మాత్రమేనా? కాదు. మనుషుల్ని కూడా కొన్నారు. 1621లో వాళ్ళు జాజికాయ కోసం బందా దీవుల మీద పడి, అక్కడి జనంలో ఎక్కువమందిని చంపి, తరిమి, చెరపట్టినారు. తోటలు మిగిలినాయి, చాకిరీకి చేతులు లేకుండా పోయినాయి. అట్టాంటి తోటలకు, ఇప్పుడు జకార్తా అంటున్న బటావియాకు, సింహళానికి మనుషులు కావాల్సి వచ్చి కోరమండల్ తీరం మీద కూడా పడ్డారు. 1620ల నుంచి 1680ల దాకా ఈ తీరాన కరువు వచ్చినప్పుడల్లా, యుద్ధం జరిగినప్పుడల్లా డచ్చి ఓడలు మనుషులతో నిండినాయి. వేలమంది పోయినారు. తల్లీతండ్రీ బిడ్డల్ని అమ్ముకున్నారు. తమను తామే అమ్ముకున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న గట్టిగా అడగాలి. డచ్చివాడు పులికాట్ కోటలో కూర్చున్నాడు. లోపలి సీమ ఊళ్ళ నుంచి మనుషుల్ని రేవుదాకా తోలింది ఎవరు? ఈ దేశపు దళారులే. యుద్ధంలో చెరపట్టి అమ్మింది ఈ దేశపు నాయకుల సైన్యాలే. కరువులో ముందుగా గింజ అయిపోయేది ఎవరి కుండలో? భూమి లేనోడి కుండలో. గాదెలు ఉన్నవాడు రేవుకు నడిచిపోయి తనను అమ్ముకోడు. ఓడ తెల్లవాడిదైనా, ఆ ఓడ దాకా బాట వేసింది మన ఊళ్ళల్లోని ఆకలీ, దానికి కారణమైన కులమూ.

మన నేతకు కూడా ఇందులో పాలుంది. కోరమండల్ బట్ట ఇచ్చి ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్నారు. నెల్లూరు సీమలో నీలిమందు అద్ది నేసిన సాలంపూరు బట్టలు వెస్టిండీసు దీవులకు పోయేవి. అక్కడ చెరుకుతోటల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకు అవే కట్టబెట్టేవాళ్ళు. ఈ తెలుగుసీమలో ముతకబట్ట నేసిన మగ్గాల్లో మాలల మగ్గాలు కూడా ఉండేవి. ఒక మూల అణగారినోడు నేసిన గుడ్డ, ఇంకో మూల అణగారినోడి ఒంటి మీదికి చేరింది. మధ్యన లాభం మాత్రం ఇద్దరిదీ కాదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. ఈనాడు చూసుకోవాలి.

1833లో ఇంగ్లండు తన దీవుల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు ఇచ్చింది. ఎవరికి? బానిసలకు కాదు, వాళ్ళ యజమానులకు! తోటల్లో ఖాళీ అయిన చోటికి మన కూలీలు కావాల్సి వచ్చినారు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. 1911 నాటికి నాటాల్ తోటలకు చేరినవాళ్ళు సుమారు 1,52,000 మంది. వాళ్ళల్లో తెలుగువాళ్ళు వేలమంది. అయిదేళ్ళ గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర. ఓడ చిట్టాలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, వాటి పక్కనే కులం గడి. సముద్రం దాటినా ఆ గడి వదల్లేదు.

సముద్రం దాటితే కులం పోతుందని ధర్మశాస్త్రాలు రాసినాయి. అది ఎవరికి భయం? పోగొట్టుకోను ఏదో ఒకటి ఉన్నవాడికి. పోయేందుకు ఏమీ లేనివాడికి ఆ నీళ్ళు ఊరి కట్టుబాటు కంటే నలుపేం కాదు. అందుకే మనవాళ్ళు ఎక్కినారు. చెరుకుతోటల్లో కొరడా దెబ్బలు తిన్నా, కొందరు అక్కడే నిలబడి, పిల్లల్ని చదివించుకుని, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగును బతికించుకున్నారు. బాబాసాహెబ్ కూడా 1913లో సముద్రం దాటే చదువుకు పోయినాడు. ఆయన చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం పేరు కూడా కొలంబస్ మీద నుంచి వచ్చిందే. ఒకడి పేరు మోసే చోటికి పోయి, ఆ చోటి చదువును మన విముక్తికి తిప్పి తెచ్చినాడు. అదీ ప్రయాణమంటే.

కాబట్టి సోదరులారా, మన ముందు రెండు కథలు పెడుతున్నారు. ఒకటి దొర చెప్పే కథ: మేం వచ్చి కనుగొన్నాం, మీకు నాగరికత తెచ్చినాం. రెండోది ఇక్కడి పెద్దకులాలు చెప్పే కథ: పరాయివాడు రాకముందు అంతా బంగారుకాలం, వాడొచ్చి మనందరినీ బానిసల్ని చేసినాడు. రెండూ మన కథలు కావు. దొర మిషను బడి తలుపు తీసిన చోట మనం చదువుకున్నాం, ఆ మాట దాచనక్కర్లేదు. అదే దొర తోటలో మనల్ని పశువుల్లా తోలినాడు, అదీ దాచనక్కర్లేదు. ఇక బంగారుకాలంలో ఊరిబావి దగ్గర మనం ఎక్కడ నిలబడినామో మన తాతలు చెప్పే ఉన్నారు. మన కథ మూడోది. అది ఓడ అడుగు అరలోంచి, కోట గోడ కిందనుంచి చూస్తే కనబడే కథ.

ఈ పాతకథలన్నీ ఇప్పుడెందుకంటే, ఎవరిదీ కాని భూమి అనే ఆ మాట చచ్చిపోలేదు. మన మండలాఫీసులో బతికే ఉంది. బంజరు, పోరంబోకు, అనాధీనం. ఈ మెట్టసీమలో మన అవ్వాతాతలు కంప కొట్టి, రాళ్ళు ఏరి గట్టు వేసి, సాగులోకి తెచ్చిన చెలకలు ఎన్ని లేవు? కాగితంలో చూస్తే ఖాళీ. లేకుంటే ఇంకొకరి పేరు. అక్కడ మనిషి ఉన్నాడు, చెమట ఉంది, రాశిపోసిన సద్దలున్నాయి. అయినా కాగితం కంటికి ఆనడంలేదు. పోపు గీసిన గీతకూ, అడంగల్‌లో గీసే గీతకూ కొలతలో తేడా గానీ గుణంలో తేడా ఏంది? అసైన్డు భూమి పేదవాడి చేతి నుంచి జారిపోకూడదని 1977లో 9వ చట్టం వచ్చింది. చట్టం వచ్చినా చేయి మారిన భూములు మనకు తెలుసు.

మన తీరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీహరికోట దీవి నుంచి చంద్రుడి మీదికి ఓడలు పోతున్నాయి. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే ఎగిరింది, దేశమంతా సంబరపడింది, మనమూ సంబరపడినాం. కానీ 1969లో రాకెట్ల కోసం ఆ దీవిని ఎంచుకున్నప్పుడు అది ఖాళీ దీవి కాదు. ఆ అడవిలో, ఆ నీళ్ళల్లో యానాది తమ్ముళ్ళు తరతరాలుగా బతుకుతున్నారు. కొత్త లోకాలు కనుగొనే ప్రయాణం మొదలైన చోట, అప్పటికే ఉన్న లోకం పక్కకు జరిగింది. విజ్ఞానం వద్దని మేం అనడంలేదు. లెక్కపెట్టేటప్పుడు ముందు అక్కడున్న మనిషిని లెక్కపెట్టమంటున్నాం.

మరి ఏం చేద్దాం? కారంచేడు, చుండూరు తర్వాత మనం నేర్చుకున్నది ఒక్కటే. మన సంగతి మనమే చెప్పుకోవాలి, మనమే రాసుకోవాలి. కార్యకర్తలకు మూడు పనులు.

ఒకటి, బడి పిల్లల పని. సాయంత్రం సంఘం అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఈ పాఠం మళ్ళీ చెప్పండి. పరీక్షలో పుస్తకం జవాబే రాయమనండి. నోటుపుస్తకంలో మాత్రం కింద ఇంకో ప్రశ్న రాసుకోమనండి: అప్పటికే అక్కడ ఉన్నది ఎవరు? ఏ పాఠానికైనా ఈ ప్రశ్న వేయడం అలవాటైతే ఆ బిడ్డను ఎవడూ మోసం చేయలేడు.

రెండు, భూమి పని. ప్రతి వాడలో మనవాళ్ళ సాగులో ఉన్న చెక్కల లెక్క తీయండి. సర్వే నంబరు, ఎన్నేళ్ళ సాగు, హద్దుల్లో ఎవరున్నారు, డి.కె.టి. పట్టా ఉందా లేదా రాయండి. అడంగల్ నకలు తీసుకోండి. నోటిమాట దానం చేయదు. పోపుకు కాగితం బలం తెలుసు, కంపెనీవాడికి కాగితం బలం తెలుసు. మనకూ తెలియాలి.

మూడు, ప్రయాణం పోయినోళ్ళ పని. రంగూన్ పోయిన తాత, మలయా తోటలకు పోయిన మేనత్త, ఇప్పుడు కువైట్ పోయిన చెల్లెలు, వీళ్ళ పేర్లు వాడవారీగా రాసిపెట్టండి. ఇప్పుడు పోయేవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉండాలి. గిరిమిట్ కాగితంలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేసిన కాలం మళ్ళీ రానీయొద్దు.

మనం కొత్తగా కనుగొనాల్సిన ఖండం ఏదీ లేదు. ఎప్పటి నుంచో ఇక్కడే ఉన్నాం. ఉన్నామని లెక్కలోకి ఎక్కడమే మిగిలిన పని.

జై భీమ్!